ఏటి అడుగు కదిలే లెక్క: ఒండ్రు రవాణా మోడల్‌ను పరీక్షించడం ఎలా, ఎక్కడ దాన్ని నమ్మకూడదు

నేను మొట్టమొదట నడిపిన ఒండ్రు రవాణా మోడల్‌లో, అంటే నీరు ఇసుకను, గులకను ఎంత కదిలిస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలో, నీటిమట్టం కొలతలతో చక్కగా కలిసింది. ఎక్కడా రెండు మూడు సెంటీమీటర్లకు మించి తేడా లేదు. కానీ మోడల్ మొదలయ్యే చోట, పది రోజుల ప్రవాహానికే ఏటి అడుగు మూడు మీటర్లు కోసుకుపోయింది. కారణం చిన్నదే. ఎగువ నుంచి నీళ్లు పంపాను గానీ, వాటితో రావలసిన ఇసుకను పంపలేదు. ఖాళీ చేతులతో వచ్చిన నీరు దొరికిన చోటే తవ్వుకుంది. ఆ తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది గనుక దిద్దుకున్నాను. భయపడవలసింది కనిపించని తప్పులకు. రంగుల బొమ్మ అందంగా వస్తుంది, గీతలు కలుస్తాయి, జలాశయం ఇన్నేళ్లలో ఇంత పూడుతుందని ఒక అంకె నివేదికలోకి ఎక్కుతుంది. ఆ అంకె మీద గోడలు లేస్తాయి, వంతెన స్తంభాల లోతులు తేలతాయి.

హెక్-రాస్, డెల్ఫ్ట్3డి, టెలిమాక్ లాంటి ఏదో ఒక నదీ ప్రవాహ సాఫ్ట్‌వేర్ నడపడం మీకు ఇప్పటికే వచ్చని అనుకుని ఇది రాస్తున్నాను. మీటలు ఎక్కడ నొక్కాలో చెప్పను. వచ్చిన ఫలితాన్ని ఎలా నిలదీయాలో చెబుతాను. మోడల్ ఒకసారి కొలతతో కలిసినంత మాత్రాన దాన్ని పరీక్షించినట్టు కాదు. అది ఏ పరిస్థితిలో చెడుతుందో వెతికి పట్టుకున్నాకే పరీక్షించామని చెప్పుకోవచ్చు.

మొదటి అడుగు: ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి

"నదిలో ఒండ్రు ఎలా కదులుతుంది" అన్నది ప్రశ్న కాదు. "ఈ మలుపులో వరద తర్వాత స్తంభం దగ్గర అడుగు ఎంత దిగుతుంది", "ఈ జలాశయానికి ఏటా ఎన్ని టన్నుల మెత్తటి మట్టి చేరుతుంది" అన్నవి ప్రశ్నలు. రెండింటికీ ఒకే మోడల్ పనికిరాదు. మొదటిదానికి మలుపులో అడ్డంగా తిరిగే ప్రవాహం కావాలి, అడుగున దొర్లే గులక కావాలి. రెండోదానికి వాలు భూముల నుంచి కొట్టుకొచ్చే బురద లెక్క కావాలి. ప్రశ్న పక్కనే, ఎంత తప్పు వస్తే మీ నిర్ణయం మారుతుందో కూడా రాసుకోండి. రెండు రెట్ల తేడా వచ్చినా నిర్ణయం మారదంటే సగం పని తగ్గినట్టే. ఇరవై శాతం తేడాకే మారిపోతుందంటే, ఆ ఖచ్చితత్వం ఈ మోడళ్ల వల్ల కాదని పని అప్పగించినవారికి ముందే చెప్పడం మేలు.

రెండో అడుగు: కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద లెక్క

ఈ అడుగును చాలామంది దాటేస్తారు. నాకైతే ఇదే అన్నిటికన్నా విలువైనది. ఒక ఉదాహరణ చేసి చూద్దాం.

సగటు లోతు 1.5 మీటర్లు, వాలు 0.0015, అడుగున 20 మిల్లీమీటర్ల గులక. నీరు అడుగును లాగే బలం, అంటే షియర్ స్ట్రెస్, నీటి సాంద్రతను గురుత్వంతో, లోతుతో, వాలుతో గుణిస్తే వస్తుంది: సుమారు 22 పాస్కల్స్. దాన్ని నీటిలో మునిగిన గులక బరువుతో పోలిస్తే వచ్చే కొలమానం లేని అంకెను షీల్డ్స్ సంఖ్య అంటాం. 1936లో ఆల్బర్ట్ షీల్డ్స్ బెర్లిన్‌లో చేసిన పని నుంచి వచ్చిన పేరు అది. మన ఉదాహరణలో ఆ అంకె 0.068.

ఇప్పుడు రవాణా సూత్రం. మేయర్-పీటర్, ముల్లర్ 1948లో ఇచ్చిన సూత్రం ఇంతే: షీల్డ్స్ సంఖ్య నుంచి కదలిక మొదలయ్యే హద్దు 0.047 తీసేసి, మిగిలినదాన్ని ఒకటిన్నర ఘాతానికి పెంచి, 8తో గుణించాలి. వాంగ్, పార్కర్ 2006లో అవే పాత ప్రయోగాల లెక్కలను మళ్లీ తిరగేసి, ఆ హద్దు 0.0495 అనీ, గుణకం 8 కాదు 3.97 అనీ తేల్చారు. వచ్చేది రవాణాను చెప్పే కొలమానం లేని అంకె. పాత సూత్రంతో మనకొచ్చేది 0.0247. సవరించినదానితో 0.0102. రెండున్నర రెట్ల తేడా! రెండూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, రెండూ సాఫ్ట్‌వేర్ జాబితాల్లో ఒకే పేరుతో కనిపించవచ్చు. మీ సాఫ్ట్‌వేర్ ఏది వాడుతోందో మాన్యువల్ తెరిచి చూడండి.

సవరించిన సూత్రంతోనే ముందుకు పోదాం. మీటరు వెడల్పుకు సెకనుకు 0.3 కిలోల గులక కదులుతుంది. 30 మీటర్ల వెడల్పున్న ఏరయితే రోజుకు దాదాపు 790 టన్నులు. ఇప్పుడు షియర్ స్ట్రెస్‌ను పది శాతం తగ్గించి చూడండి. రవాణా సగానికి పడిపోతుంది. ఇరవై శాతం తగ్గిస్తే ఏడో వంతుకు దిగుతుంది. వాలును కొలవడంలో, లోతును సగటు తీయడంలో పది శాతం పొరపాటు అసలు పొరపాటుగానే ఎవరూ లెక్కపెట్టరు. ఒండ్రు లెక్కలో మాత్రం అదే జవాబును సగం చేసేస్తుంది.

ఇక కదలిక హద్దు సంగతి. బఫింగ్టన్, మాంట్‌గోమరీ 1997లో ఎనిమిది దశాబ్దాల ప్రయోగాలను ఒకచోట చేర్చి చూస్తే, గరుకు అడుగుల మీద ఈ హద్దుకు ఒకే విలువ లేదని, కొలిచిన పద్ధతిని బట్టి కూడా మారుతుందని బయటపడింది. మన ఉదాహరణలో ఆ హద్దును 0.03 అనుకుంటే ఒక జవాబు, 0.06 అనుకుంటే అందులో పదో వంతు. రెండు విలువలూ సమర్థించదగినవే. ఈ ఒక్క పేజీ లెక్కతో మీ మోడల్ మీద మీకు ఎంత నమ్మకం ఉండాలో అందాజు దొరుకుతుంది.

ఇంకో చిన్న లెక్క కూడా అప్పుడే చేసేయండి. రేణువు నీటిలో దిగే వేగాన్ని, అడుగు దగ్గరి ఘర్షణ వేగానికి (షియర్ స్ట్రెస్‌నే వేగం రూపంలో చెప్పే అంకెకు) 0.4 రెట్లతో భాగిస్తే రౌస్ సంఖ్య వస్తుంది. 2.5కు పైన ఉంటే రేణువు అడుగునే దొర్లుతూ, గెంతుతూ పోతుంది. దీన్ని బెడ్‌లోడ్ అంటాం. 0.8కు లోపు ఉంటే నీటి లోతంతా పరుచుకుని, అడుగుతో పెద్దగా పని లేకుండా సాగిపోతుంది. మన ఏటిలో 20 మిల్లీమీటర్ల గులకకు ఇది పదికి పైన, 0.2 మిల్లీమీటర్ల ఇసుకకు 0.4 దగ్గర. అంటే ఒకే ఏటిలో, ఒకే రోజున, రెండింటికీ రెండు వేర్వేరు భౌతిక సూత్రాలు కావాలి.

మూడో అడుగు: అడుగును కదలనివ్వకుండా నీటిని నడపండి

ఒండ్రును ఆపేసి, గట్టి అడుగు మీద నీటిని మాత్రమే నడిపి, నీటిమట్టాలతో పాటు వేగాలను కూడా కొలతలతో పోల్చండి. నీటిమట్టం కలిస్తే చాలదు. గరుకుతనం గుణకాన్ని, అదే మ్యానింగ్ సంఖ్యను, తిప్పి మట్టాన్ని ఎప్పుడైనా కలపవచ్చు. అడుగు మీద పడే బలం మాత్రం అందులో ఏ భాగం రేణువులదో, ఏ భాగం ఇసుక తిన్నెలదో, చెట్లదో, మలుపులదో అన్నదాని మీద ఆధారపడుతుంది. రేణువులను కదిలించేది రేణువుల మీద పడే వంతు మాత్రమే. మొత్తం బలాన్ని రవాణా సూత్రంలో వేస్తే తిన్నెలున్న ఇసుక నదిలో ఫలితం అమాంతం పెరిగిపోతుంది. మీ సూత్రం మొత్తం బలాన్ని అడుగుతోందా, రేణువుల వంతునే అడుగుతోందా అన్నది తప్పనిసరిగా తేల్చుకోండి. ఏంగెలుండ్, హాన్సెన్ 1967 సూత్రం మొత్తం బలాన్నే తీసుకుంటుంది. రేణువుల వంతును వేరుచేయమని అడిగే సూత్రాలూ ఉన్నాయి. వీటిని కలిపేసిన మోడళ్లను నేను చాలానే చూశాను.

సగటు తీయడంలోనూ ఉచ్చు ఉంది. ఏటి వెడల్పులో సగభాగం షీల్డ్స్ సంఖ్య 0.04 ఉండి, ఏమీ కదలడం లేదనుకోండి. మిగతా సగంలో 0.08 ఉంది. సగటు 0.06 వేసి లెక్క కడితే వచ్చే రవాణాకు, రెండు సగాలనూ విడిగా లెక్క కడితే వచ్చే అసలు రవాణా రెండున్నర రెట్లు. ఏక-దిశా మోడల్, అంటే ప్రవాహాన్ని ఏటి పొడవునే చూసేది, అడ్డకోత (ఏటిని అడ్డంగా కోసి చూసిన ఆకారం) మొత్తానికి ఒకే సగటు వాడితే, కదలిక హద్దుకు దగ్గరగా ఉన్న గులక నదుల్లో ఇలా తక్కువ చూపిస్తుంది.

నాలుగో అడుగు: మోడల్ తన లెక్కను తాను సరిగ్గా చేస్తోందా

ఇక్కడ ప్రకృతి ఊసు లేదు. సమీకరణాలను కంప్యూటర్ సరిగ్గా సాధిస్తోందా అన్నదే ప్రశ్న.

ముందు నిశ్చల నీటి పరీక్ష: ఎగుడుదిగుడు అడుగు మీద నీరు కదలకుండా పెట్టి నడపండి. వేగం పుట్టకూడదు, ఒక్క రేణువు కదలకూడదు. తర్వాత సమతౌల్యం: ఒకే వాలున్న తిన్నని కాలువలో, సూత్రం ఎంత మోయగలదంటుందో సరిగ్గా అంతే ఇసుకను ఎగువ నుంచి పంపండి. అడుగు ఉన్నచోటే ఉండాలి. మొదట్లో చెప్పిన నా తప్పు ఈ పరీక్ష చేసి ఉంటే అరగంటలో దొరికేది.

ఆ తర్వాత జమాఖర్చు. లోపలికి వచ్చిన ఒండ్రు, బయటికి పోయినది, అడుగున మిగిలినది మూడూ సరిపోవాలి. దీని వెనుక ఉన్నది 1920ల్లో ఆస్ట్రియాకు చెందిన ఫెలిక్స్ ఎక్స్‌నర్ ఇచ్చిన సమీకరణం: ఒకచోట రవాణా ఎంత తగ్గుతుందో అడుగు అంత పెరుగుతుంది, రేణువుల మధ్య ఖాళీలను లెక్కలోకి తీసుకుని. ఆ ఖాళీల వంతు ఇసుకకు సుమారు 0.4. ఘనపరిమాణాన్ని టన్నుల్లోకి మార్చేటప్పుడు దీన్ని మరిచిపోవడం చాలా మామూలు పొరపాటు.

లెక్క కోసం ఏటిని విడగొట్టిన గడుల పరిమాణాన్ని సగం చేసి, మళ్లీ సగం చేసి చూడండి. జవాబు ఒకచోట స్థిరపడాలి. కాలపు అంగను, అంటే లెక్క ఒక్కసారికి ముందుకు జరిగే కాలాన్ని కూడా అలాగే తగ్గించి చూడండి. గడులు చిన్నవవుతున్నకొద్దీ అడుగున అలలు తగ్గకపోగా పెరుగుతూ పోతే ఆగండి. వేర్వేరు సైజుల రేణువులతో, పై పొరను ఒకే ముద్దగా చూసే పద్ధతి వాడుతున్నప్పుడు ఇది కనబడవచ్చు. 1971లో హిరానో ఇచ్చిన ఈ క్రియాశీల పొర పద్ధతి దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. కొన్ని పరిస్థితుల్లో దాని సమీకరణాలే గణితపరంగా చెడిపోతాయని 1987లోనే రిబ్బరింక్ చూపించారు. అప్పుడు గడులు ఎంత సన్నగా కోసినా మంచి జవాబు రాదు.

ఏళ్ల తరబడి మార్పును తొందరగా చూడడానికి అడుగు మార్పును పదితోనో వందతోనో గుణించే త్వరణ గుణకం వాడుతుంటే, దాన్ని సగానికి తగ్గించి మరోసారి నడపండి. ఫలితం మారితే ఆ గుణకం పెద్దదైపోయినట్టే. నిలకడ ప్రవాహంలో పనికొచ్చిన గుణకం వేగంగా ఎక్కి దిగే వరదలో పనికిరాదు.

ఐదో అడుగు: ప్రయోగశాల కాలువలతో పోటీ

నదిలో ఏది ఎందుకు జరిగిందో విడదీయడం కష్టం. ఫ్లూమ్‌లో, అంటే ప్రయోగశాలలోని కొలత కాలువలో, ఒక్కో కారణాన్నీ విడిగా చూడవచ్చు. అందుకే నదికి వెళ్లేముందు కనీసం రెండు మూడు ప్రసిద్ధ ప్రయోగాలను మీ మోడల్‌తో మళ్లీ సృష్టించండి.

మేట వేయడాన్ని పరీక్షించడానికి సోని, గార్డే, రంగరాజు రూర్కీలో చేసి 1980లో ప్రచురించిన ప్రయోగాలు మంచివి. 0.32 మిల్లీమీటర్ల ఇసుకతో సమతౌల్యంలో ఉన్న కాలువలోకి ఎగువ నుంచి మోయగలిగినదానికన్నా ఎక్కువ ఇసుక పోశారు. మేట దిగువకు ఎలా పాకుతూ పోయిందో కొలిచారు. మీ మోడల్‌లో మేట ముందంచు ఎంత వేగంగా సాగుతోందో చూడండి. ఎత్తు కలిసి, వేగం కలవకపోతే రవాణా సూత్రంలో వేగానికి వేసిన ఘాతం తప్పని అనుమానించాలి.

తేలుతూ పోయే ఇసుకకు వాన్ రీన్ గుంట ప్రయోగం: 0.39 మీటర్ల లోతు, సెకనుకు 0.51 మీటర్ల వేగం, 0.16 మిల్లీమీటర్ల ఇసుక, అడుగున 0.15 మీటర్ల లోతు గుంట. గుంట పూడుతూ దిగువకు జరగాలి. ఇసుక ఎక్కడికక్కడే తన గరిష్ఠ మోతకు సర్దుకుంటుందని అనుకునే మోడళ్లు ఇక్కడ దొరికిపోతాయి. వేగం తగ్గిన వెంటనే ఇసుక దిగదు, దిగడానికి కొంత దూరం పడుతుంది.

మలుపులకు యెన్, లీ 1995లో ప్రచురించినది: 4 మీటర్ల వ్యాసార్ధంతో 180 డిగ్రీలు తిరిగే, మీటరు వెడల్పు కాలువలో, ఎక్కి దిగే వరద. మలుపు వెలుపలి అంచున కోత, లోపలి అంచున మేట రావాలి. రేణువులు కూడా వెలుపల ముతకగా, లోపల సన్నగా వేరుపడాలి. ద్విదిశా మోడల్‌లో, అంటే ఏటి పొడవునూ వెడల్పునూ చూసేదానిలో, మలుపులో అడ్డంగా తిరిగే సుడి ప్రవాహం సవరణ ఆపేసి ఒకసారి, పెట్టి ఒకసారి నడపండి. ఆ సవరణ లేకపోతే మలుపు ఆకారమే రాదు.

ఒక జాగ్రత్త. మీరు వాడే సూత్రం పుట్టిందే ఫ్లూమ్‌ల నుంచి. అదే లెక్కలతో దాన్ని మళ్లీ పరీక్షిస్తే విద్యార్థి చేతికి ముందే ప్రశ్నపత్రం ఇచ్చినట్టవుతుంది. ఏ ప్రయోగాల మీద సూత్రాన్ని తయారుచేశారో చూసి, వాటికి బయటివి ఎంచుకోండి. బ్రౌన్లీ 1981లో ఫ్లూములు, నదుల నుంచి సుమారు 7000 కొలతలను ఒకచోట చేర్చారు. ఏరుకోవడానికి అందులో చాలినంత ఉంది.

ఆరో అడుగు: నది కొలతలను కూడా అనుమానించండి

మోడల్ తప్పో కొలత తప్పో చాలాసార్లు వెంటనే తేలదు. బెడ్‌లోడ్ కొలవడం ముఖ్యంగా కష్టం. 1971 నుంచి ఎక్కువగా వాడుతున్న హెలీ-స్మిత్ పరికరం నోరు 76 మిల్లీమీటర్ల చదరం. దానికన్నా పెద్ద రాయి అందులోకి పోనేపోదు, దానికి దగ్గరగా ఉన్నవి కూడా సరిగ్గా చేరవు. పైగా గులక ఒకే తీరుగా కదలదు, గుంపులు గుంపులుగా వస్తుంది. ప్రవాహం మారకపోయినా, రెండు నిమిషాల తేడాతో తీసిన రెండు నమూనాల్లో ఒకటి ఖాళీగా, ఇంకొకటి నిండుగా రావడం సహజం. ఒక్క నమూనాతో మోడల్‌ను సరిచేయకండి. వెడల్పంతా కనీసం రెండు సార్లు చుట్టి, సగటు తీసి, ఆ సగటు ఎంత ఊగుతోందో కూడా రాయండి.

నమ్మదగిన నది కొలతలు ఎక్కడ ఉన్నాయంటే, మొత్తం వెడల్పునూ పట్టే ఏర్పాట్లున్న చోట. ఒరెగన్‌లోని ఓక్ క్రీక్‌లో అడుగున గాడి పెట్టి గులకనంతా పక్కకు లాగారు. వయోమింగ్‌లోని ఈస్ట్ ఫోర్క్ నదిలో 1970ల్లో అడ్డంగా కందకం తవ్వి, కన్వేయర్ బెల్టుతో బయటికి తీసి తూచారు. వీటితో పోల్చిన సూత్రం మీద నాకు గురి ఎక్కువ.

తేలే మట్టికి నీటి నమూనాలు, నీటి మురికిని కొలిచే టర్బిడిటీ మీటర్లు వాడతారు. మీటరు చూసేది చెదిరిన వెలుతురును గానీ బరువును కాదు. రేణువుల సైజు మారితే అదే రీడింగుకు వేరే బరువు ఉంటుంది. ప్రవాహానికీ మట్టికీ మధ్య లాగరిథమ్‌ల మీద గీసిన గీతతో వార్షిక భారం లెక్కగడితే, సవరణ చేయకపోతే అసలులో సగం దాకా తగ్గి కనిపించవచ్చని ఫెర్గూసన్ 1986లో చూపించారు. మీ మోడల్ ఎక్కువ చూపిస్తోందని తగ్గించే ముందు ఈ సవరణ జరిగిందో లేదో చూసుకోండి.

అడుగు సర్వేలకూ ఇదే మాట. ఒక్కో సర్వేలో 10 సెంటీమీటర్ల అనిశ్చితి ఉంటే, రెండు సర్వేల తేడాలో అది 14 అవుతుంది. అంతకన్నా చిన్న మార్పును కోత అని గానీ మేట అని గానీ పిలవలేం. అన్నిటికన్నా నష్టం చేసేది ఒకే దిక్కుకు ఒరిగిన పొరపాటు. కిలోమీటరు పొడవు, 30 మీటర్ల వెడల్పున్న భాగంలో సర్వే మొత్తంగా 5 సెంటీమీటర్లు పైకి జరిగితే, లేని మేట 1500 ఘనపు మీటర్లు పుట్టుకొస్తుంది.

ఏడో అడుగు: సరిచేయడం ఒకచోట, పరీక్షించడం మరోచోట

క్యాలిబ్రేషన్‌కు వాడిన వరదను వ్యాలిడేషన్‌కు వాడకండి. ఇది అందరికీ తెలిసిన మాటే, అయినా సమాచారం కొరతగా ఉన్నప్పుడు చాలామంది తప్పేది ఇక్కడే. ఒక మధ్యస్థ వరదతో సరిచేసి, పెద్ద వరదతో పరీక్షించండి. వీలైతే కోత జరిగిన కాలంతో సరిచేసి మేట వేసిన కాలంతో చూడండి. మోడల్ కుంగిపోవడానికి అవకాశం ఇచ్చేదే నిజమైన పరీక్ష.

తిప్పే మీటల సంఖ్య తగ్గించండి. గరుకుతనం నీటి కొలతలతోనే తేల్చి తాళం వేసేయండి. ఆ తర్వాత కదలిక హద్దు ఒక్కటి, మహా అయితే రేణువుల పరస్పర ప్రభావం (సన్నవి ముతకవాటి వెనుక దాక్కోవడం లాంటిది) ఒకటి. గరుకుతనం, హద్దు, గుణకం, పొర మందం అన్నీ ఒకేసారి తిప్పితే ఎన్నో వేర్వేరు జతలు ఒకే జవాబు ఇస్తాయి. ఒకదాని తప్పును ఇంకొకటి కప్పిపెడుతుంది. ఇలా సరిచేసిన మోడల్ కొత్త వరదలో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఒక మీటను నమ్మశక్యంకాని విలువ దాకా తిప్పితే తప్ప కలవడం లేదంటే, మోడల్‌లో ఏదో ప్రక్రియ లేదని అర్థం. బలవంతంగా కలపకుండా అది ఏమిటో వెతకండి.

ఎనిమిదో అడుగు: మార్కులు వేయడం

లెక్కకూ కొలతకూ ఉన్న నిష్పత్తి చూడండి. అది 0.5కూ 2కూ మధ్య పడినవి ఎంత శాతమో చెప్పడం ఈ రంగంలో వాడుక. ఈ హద్దులు విశాలంగా ఉన్నాయని ఆశ్చర్యపోవద్దు. వాన్ రీన్ 1984లో తన బెడ్‌లోడ్ సూత్రాన్ని 580 కొలతలతో పోల్చినప్పుడు 77 శాతం ఈ హద్దుల్లో పడ్డాయి. అది మంచి ఫలితం కింద లెక్క. గోమెజ్, చర్చ్ 1989లో గులక నదులకని చెప్పే 12 సూత్రాలను పోల్చి చూస్తే, ఏదీ అన్నిచోట్లా నిలబడలేదు.

అడుగు మార్పుకు మాత్రం పోలిక వేరుగా ఉండాలి. "అడుగు అసలు మారలేదు" అని చెప్పే సోమరి మోడల్‌ను పక్కన పెట్టుకుని, దానికన్నా మీది ఎంత మెరుగో కొలిచే బ్రయర్ నైపుణ్య అంకె వాడండి. ఒకటైతే సంపూర్ణం. సున్నా అయితే మీ శ్రమంతా ఏమీ చేయకపోవడంతో సమానం. సున్నాకు దిగువకు పోయిందంటే మోడల్ దారి తప్పిస్తోంది. నీటిమట్టాల గ్రాఫు ఎంత అందంగా ఉన్నా, ఈ అంకె రుణాత్మకంగా వచ్చిన మోడళ్లు నాకు ఎదురయ్యాయి.

అంకెలతో పాటు మ్యాపు కూడా చూడండి. కోత మేటల వరస సరిగ్గా ఉండి కాస్త దిగువకు జరిగిన మోడల్‌కు, గడికి గడి పోల్చితే చాలా తక్కువ మార్కులు పడతాయి. కానీ అది ఏమీ తెలియని మోడల్ కాదు.

తొమ్మిదో అడుగు: కుదిపి చూడండి

సరిచేసిన మోడల్‌లో ఎగువ ఒండ్రును రెట్టింపు చేయండి, సగం చేయండి. సగటు రేణువు సైజును ముప్పై శాతం అటూ ఇటూ మార్చండి. రవాణా సూత్రాన్నే మార్చి చూడండి. వీలైతే అన్నిటినీ వాటి వాటి హద్దుల్లో యాదృచ్ఛికంగా ఎంచుకుని కొన్ని వందల సార్లు నడపండి. నా అనుభవంలో జవాబును ఎక్కువగా ఊపేవి రెండే: ఎగువ నుంచి వచ్చే ఒండ్రు, రవాణా సూత్రం ఎంపిక. గడులను ఇంకా సన్నగా కోయడానికి వారాలు వెచ్చించేకన్నా, ఎగువన ఒక సీజను కొలతలకు ఆ సొమ్ము పెట్టడం మేలని ఈ పరీక్ష చాలాసార్లు నాకు చెప్పింది.

ఏ పరీక్షా దాటించలేని హద్దులు

పైవన్నీ చేసినా కొన్ని చోట్ల మోడల్‌కు నోరు లేదు. వాటిని ముందే తెలుసుకోండి.

చాలా సూత్రాలు చెప్పేది నీరు ఎంత మోయగలదో. ఎంత మోస్తోందో కాదు. రాతి అడుగున్న ఏటిలో, పైపొర ముతకగా గట్టిపడిన ఏటిలో, ఆనకట్ట దిగువన మోయడానికి సరుకే ఉండదు. అక్కడ సూత్రం చెప్పిన దానిలో పదో వంతు కూడా కదలకపోవచ్చు. ఇక అతి సన్నని మట్టి, వాష్‌లోడ్, ఏటి అడుగు నుంచి రాదు. పరీవాహక ప్రాంతం నుంచి వస్తుంది. వర్షాకాలపు తొలి వరద, అదే ప్రవాహమున్న చివరి వరదకన్నా ఎన్నో రెట్లు బురదగా ఉంటుంది. ఏటి లోపలి షియర్ స్ట్రెస్ తెలిసినంత మాత్రాన దాన్ని లెక్కగట్టలేం.

సూత్రాలకు పుట్టిల్లు ఉంటుంది. ఏంగెలుండ్-హాన్సెన్ ఒక మిల్లీమీటరు లోపు ఇసుకతో చేసిన ప్రయోగాల మీద నిలబడింది. దానిలో కదలిక హద్దే లేదు, కాబట్టి గులక నదిలో వేస్తే కదలకూడని రోజున కూడా కదులుతూనే ఉంటుంది. ఇసుక, గులక కలిసిన చోట సన్నవి ముతకవాటి వెనుక దాక్కుంటాయి, ముతకవి పైకి పొడుచుకు వచ్చి తేలిగ్గా కదులుతాయి. ఇసుక పాలు పెరిగితే గులక కూడా తొందరగా కదులుతుంది. విల్‌కాక్, క్రోవ్ 2003 సూత్రం దీన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అయితే అడుగు పైపొర కూర్పు మీకు తెలిసి ఉండాలి. నీటి కింద ఆ పైపొర వరద మధ్యలో ఎలా ఉందో చూసినవారు అరుదు.

0.063 మిల్లీమీటర్ల లోపు మెత్తటి బురదమట్టి వేరే లోకం. రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి, ఉప్పునీటిలో ఇంకా ఎక్కువగా. నిన్న దిగిన బురద వేలితో కదిలిస్తే చెదురుతుంది, ఏడాది కిందటిది గట్టిపడి ఉంటుంది. దాని కోత హద్దు ఏ సూత్రం నుంచీ రాదు. ఆ చోటి మట్టిని తీసి పరీక్షించాల్సిందే.

ఇసుక తిన్నెలు ఇంకో తలనొప్పి. వరద పెరుగుతున్నకొద్దీ అవి పెరిగి, ఒక దశలో కొట్టుకుపోయి అడుగు చదునవుతుంది. గరుకుతనం ఒక్కసారిగా పడిపోతుంది. వరద దిగేటప్పుడు అవి ఆలస్యంగా తిరిగొస్తాయి. గరుకుతనం ఒకే అంకెగా పెట్టిన మోడల్‌కు ఇదేదీ తెలియదు. గట్లు విరిగిపడడం, చెట్ల వేళ్లు, స్తంభం చుట్టూ సుడి, కొట్టుకొచ్చిన దుంగలు కూడా మామూలు ద్విదిశా మోడల్‌కు అందనివే. ఏటవాలు బాగా ఎక్కువైన కొండవాగుల్లో లోతు రాళ్ల ఎత్తుకు సమానంగా ఉంటుంది. అక్కడ లోతును వాలుతో గుణించి తెచ్చిన షియర్ స్ట్రెస్‌తో లెక్క కడితే రవాణా ఉన్నదానికన్నా పది, వంద రెట్లు ఎక్కువగా రావచ్చు.

నివేదికలో ఏం రాయాలి

ఒక్క అంకె రాయకండి. "ఏటా 40 నుంచి 150 వేల టన్నుల మధ్య, ఎక్కువ అవకాశం 80 దగ్గర" అన్న తరహాలో రాయండి. ఆ విస్తృతి ఏ పరీక్ష నుంచి వచ్చిందో చెప్పండి. వాడిన సూత్రం పేరు ఒక్కటే సరిపోదు, ఏ రూపం, ఏ గుణకాలు అన్నవి కూడా రాయండి. ఏ ప్రవాహాల దాకా పరీక్షించారో, ఎక్కడి నుంచి అంచనా మాత్రమే అవుతుందో గీత గీసి చూపండి. వంద ఏళ్ల వరదకు, అంటే సగటున వందేళ్లకోసారి వచ్చేంత వరదకు ఫలితం ఇస్తూ, పరీక్షించింది ఐదేళ్ల వరదతోనే అయితే, ఆ మాట అనుబంధంలో కాదు, మొదటి పేజీలో ఉండాలి. చదివేవారు చూసేది చాలాసార్లు ఆ ఒక్క పేజీనే.

పోలికలు ఎప్పుడూ విడి అంకెలకన్నా నమ్మదగినవి. "గోడ కడితే మేట 60 సెంటీమీటర్లు" అన్న మాటకన్నా "గోడ కడితే కట్టకపోయినప్పటికన్నా మేట దాదాపు సగం" అన్నది గట్టి మాట. రెండు నడకల్లోనూ ఒకే రకం తప్పులున్నందువల్ల కొంతవరకు కొట్టుకుపోతాయి. అయితే పోలిక కూడా సూత్రం మార్చినప్పుడు నిలుస్తుందో లేదో చూసే రాయండి.

చివరగా మళ్లీ ఎప్పుడు కొలవాలో, ఏ అడ్డకోతల దగ్గర కొలవాలో నివేదికలోనే రాసిపెట్టండి. తర్వాతి పెద్ద వరద దిగిన వారం లోపల, అవే చోట్ల, అదే పద్ధతిలో సర్వే చేసి, పాత ఫైలును తెరిచి, ఏ విలువనూ ముట్టుకోకుండా ఆ వరద ప్రవాహాలతో ఒకసారి నడపండి.